డ్రమ్ముకు పంపిన హిస్సా

మా మిద్దె మీద ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉండేది. నా జీవితంలో దానికి భయపడినంతగా ఏ మనిషికీ భయపడలేదు. డిగ్రీ కాలేజీలో మా వైస్ ప్రిన్సిపాల్‌ను కలుపుకొనే చెప్తున్న.

దాన్ని తెచ్చింది నేనే. ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ దుకాణంలో పని చేస్త. వృక్షశాస్త్రం చదివినోడు చివరికి మొలకెత్తే అవకాశం లేని కందిపప్పు దగ్గర తేలడం మన దగ్గర పెద్ద వింతేం కాదు. పక్క దుకాణంలో డ్రమ్ము ఖాళీ అయితే అడిగి తీసుకొని, కడిగి, చుట్టూ చిల్లులు పొడిపించి, ఆటోలో ఫలక్‌నుమా దాకా తెచ్చిన. ఆటో అతను దారి పొడుగునా "నీళ్ళు వస్తలేవా భాయ్ మీ దిక్కు?" అని అడుగుతనే ఉన్నడు. చెత్త కుళ్ళబెట్టడానికని చెప్పేందుకు నాకు నోరు రాలేదు.

అది నా భార్య కోసం. అంతకు ముందు సంవత్సరం మాకు ఒక బిడ్డ పుట్టాల్సి ఉండె. పుట్టలేదు. ఈ సంగతి ఇంతకంటే పొడుగ్గా చెప్పడం నాకు రాదు. ఆ తర్వాత ఆమె చాలా కాలం గోడ దిక్కు చూసుకుంట కూర్చునేది. నా జోకులకు నవ్వకపోవడం కొత్త కాదు గానీ, తిట్టడం కూడా మానేసింది. అదీ నాకు ఫికర్ అయింది. ఒకరోజు ఎందుకనో వంటింట్లోని ధనియాలు నలిపి పగిలిన బకెట్‌లో చల్లింది. అవి మొలిచినయి. ఆ తర్వాత పుదీన, మెంతి, టమాట. మిద్దె మీద కుండీలు పెరిగినకొద్దీ ఆమె మాటలు పెరిగినయి. మట్టికి బలం కావాలన్నది. డ్రమ్ము గట్ల వచ్చింది.

చేతులకు తొడుక్కోమని రబ్బరు గ్లవ్స్ తెస్తే బట్టల క్లిప్పుల డబ్బాలో పడేసింది. "మట్టిని ముట్టకుంట పని చేసుడేంది? చేతులు మట్టిలో ఉంటేనే నా తలకాయల లొల్లి ఆగుతది" అన్నది. నా తలకాయలోని లొల్లికి నా దగ్గర గంత మంచి మందు లేదు.

ఇక ఖాలా గురించి చెప్పాలె. ఆమె ఇంటి ఓనరు. భర్త పోయినంక కింది గదుల్లో ఒక్కతే ఉంటది. మేము పైన కిరాయికి ఉన్నం. పిన్నిని పిలిచినట్టే ఖాలా అని పిలుస్తం. ఆమె ఇంట్లో ఏది వండినా మా ఇంటికి హిస్సా వస్తది, మా వంతు అన్నట్టు. మేము కట్టే కిరాయితోని దానికి సంబంధం లేదు, ఆకలితోని అసలే లేదు. పొయ్యి వెలిగిందంటే పక్కింటోళ్ళకు వంతు ఉన్నట్టే. మేము గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇయ్యం. ఆ గిన్నె ఖాళీగా మెట్లు ఎక్కడం గానీ దిగడం గానీ నేను చూడలేదు.

డ్రమ్ము వచ్చిన రోజు ఆమె మెల్లగ మెట్లెక్కి వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"ఇది ఏం తింటది బేటా?"

"తొక్కలు, ఎండిన ఆకులు, చాయ్ పత్తి. తిని మట్టి చేసి ఇస్తది ఖాలా."

"తిని మళ్ళ ఇస్తదా? మా మొగోళ్ళ కంటె నయం" అన్నది.

ఆ క్షణం నుంచి ఆమె లెక్కలో డ్రమ్ము కూడా పై పోర్షన్‌లో ఇంకో కిరాయిదారు అయింది. ఆ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థమయ్యే లోపల బక్రీద్ వచ్చింది. పండుగ ముందర మెట్ల కింద ఒక మేక కట్టేసి ఉండేది. అది తినగా మిగిలిన రొట్టాకు, అది వేసిన పెంట ఖాలా ఊడ్చి గల్లీలో పడేస్తుంటే నేనే ఆపిన. తట్టలో ఎత్తుకొని డ్రమ్ములో వేస్తూ, వృక్షశాస్త్రం చదివినందుకు ఇన్నేండ్లకు ఒక అవకాశం దొరికినట్టు ప్రసంగం చేసిన.

"ఖాలా, ఇది బంగారం. చెట్లకు పెంటను మించిన దావత్ లేదు."

ఆమె చాలా శ్రద్ధగా విన్నది. కాలేజీలో ఎవరూ నా మాట గంత శ్రద్ధగా వినలేదు. వినకపోతేనే బాగుండు.

పండుగ అయిన తర్వాత మా ఇంటికి హిస్సా వచ్చింది. డ్రమ్ముకు కూడా పోయింది. బొక్కలు, కొవ్వు, అడుగున మిగిలిన సాలన్, అంటే నూనె తేలే పులుసు. మాకు తెల్వకుండ ఖాలా స్వయంగా వచ్చి వేసి, మూత పెట్టి పోయింది. ఒకట్రెండు రోజులకు వాసన మొదలైంది. మొదట్లో మా వీధి వాసనే అనుకున్న. మా వీధికి ఆ పేరు ఉంది. తర్వాత మూత తీసి చూస్తే లోపల తెల్లగా పురుగులు ఉడుకుతున్న అన్నంలాగ కదులుతున్నయి. నూనె పట్టి ఆకులు ముద్దలు కట్టినయి, గాలి ఆడుతలేదు. మాంసం, బొక్కలు, పెరుగు, నూనె కూరలు డ్రమ్ములో ఎందుకు వెయ్యొద్దో పుస్తకంలో చదవాల్సిన పని లేకుండా ముక్కుతోనే నేర్చుకున్న.

పురుగులతోనే ఆగితే బాగుండు. పొద్దున పళ్ళు తోముకుంట మిద్దె మీదికి పోతే డ్రమ్ము పక్క నుంచి ఒకటి తీరిగ్గా నడుచుకుంట పోయింది. ఎలుక అంటే దాన్ని చిన్నబుచ్చినట్టే. అది నన్ను చూసి పరుగెత్తలేదు. నేనే పరుగెత్తిన. డ్రమ్ము అడుగున చిల్లు దగ్గర ప్లాస్టిక్ కొరికి దారి పెద్దది చేసుకున్నది.

ఆ రోజుల్లోనే నా భార్యకు మళ్ళీ నెల తప్పింది.

మేము ఎవరికీ చెప్పలేదు. ఒకరికొకరం కూడా గట్టిగా చెప్పుకోలేదు. పోయినసారి అందరికీ స్వీట్లు పంచినం. ఈసారి మాటలు కూడా పొదుపుగా వాడుతున్నం. ఖాలాకు మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది. గిన్నెల్లో కారం తగ్గింది.

ఎలుకల సంగతి నేను ఖాలాతో మాట్లాడిన.

"బొక్కలు, సాలన్ వెయ్యొద్దు ఖాలా. వాసనకు ఎలుకలు వస్తున్నయి."

"ఇల్లంత ఘుమఘుమలు పోతయి, దానికొక్కదానికి ఎట్ల ఇయ్యకుంట ఉంటం బేటా? అచ్ఛా అనిపించలే."

"దానికి తొక్కలు చాలు. దానికి అజీర్తి అయింది."

"నక్కో అంటే నక్కో, వద్దంటే వెయ్య" అని ఒప్పుకున్నది. వారం తిరగకముందే కింద ఒక పిల్లి కనిపించింది. మటన్ దుకాణం దగ్గర తిరిగేదాన్ని తెచ్చుకున్నదట, పై పోర్షన్ పిల్ల కడుపుతోని ఉన్నది, ఎలుకలు తిరుగుతే ఎట్ల అని. అంటే నా ఫిర్యాదుకు ఆమె చేసిన ఏర్పాటు, ఇంతెజాం అన్నమాట. పిల్లి మంచి పనిమంతురాలు. మిగిలిన టైంలో ఖాలా పెట్టే పచ్చి మటన్ ముక్కలు తిని నమాజ్ చాప మీద పండుకునేది. ఎలుకలు మాయమైనయి. నేను మనసులో ఖాలాకు దండం పెట్టుకున్న.

మా గల్లీలో కుర్చీలు చేసే వర్క్‌షాప్ ఉంది. ఆ వర్క్‌షాప్ అతను ఒకరోజు రంపపు పొట్టు బస్తా తెచ్చి డ్రమ్ములో వేసుకోమన్నడు. అది ప్లైవుడ్ పొట్టు, అందులో గమ్ము, పాలిష్ ఉంటయి, ఆ మందులు మట్టిలోకి, మట్టి నుంచి మన కడుపులోకి వస్తయని లెక్చర్ ఇచ్చి తిప్పి పంపిన. మెట్లు ఎక్కుతుంటే నా జ్ఞానానికి నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట చాలా కొద్దిరోజులే నిలబడ్డది.

ఒక పొద్దున దుకాణానికి పోవడానికి లేటైంది. లేకపోతే ఇంట్లో ఉండేవాణ్ణే కాదు. మిద్దె మీద ఇనుప తట్ట చప్పుడైంది. పోయి చూస్తే ఖాలా డ్రమ్ములోకి ఇసుక ఒంపుతున్నది. ఒంపి, తట్ట అంచును డ్రమ్ముకు కొట్టి, అంటుకున్నది కూడా రాల్చింది. వృథా కాకూడదు మరి.

"ఏంది ఖాలా అది?"

ఆమె దొరికిపోయిన దొంగలాగ నవ్వింది. "బిల్లిది బేటా. మెట్ల కింద తట్టల ఇసుక పోసి పెట్టిన, అందుల్నే కూసుంటది. మంచి అలవాటున్న జాన్వర్."

"ఎప్పటి నుంచి వేస్తున్నరు?"

"అది వచ్చినప్పటి సంది. రోజూ, నువ్వు డ్యూటీకి పోయినంక. చెప్పి చేస్తే సవాబ్ ఏముంటది? నువ్వే అన్నవ్ గద, పెంటకు మించిన దావత్ లేదని."

పుణ్యం చెప్పి చెయ్యకూడదు. అందుకే ఆమె రోజూ ఆ మోకాళ్ళతోని మెట్లెక్కి, మాకు తెల్వకుండ మా కుండీలకు మేలు చేసిపోతున్నది. నేను సరే అన్నట్టు తల ఊపిన. ఎందుకు ఊపిన్నో నాకే తెల్వదు. మెడ తప్ప ఇంకేం కదల్లేదు.

పిల్లి పెంటలో ఒక సూక్ష్మజీవి ఉండొచ్చని, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు దానికి దూరంగా ఉండాలని ఎప్పుడో ఒక క్లాసులో విన్న. ఆ రోజు ఆ క్లాసులో ఎందుకు మెలకువగా ఉన్నన్నో తెల్వదు. మేక ఆకులు తింటది. పిల్లి ఎలుకలను, పచ్చి మాంసాన్ని తింటది. వాటిలోంచి ఆ జీవి పిల్లి కడుపులోకి, అక్కడ నుంచి ఇసుకలోకి వస్తది. పెద్ద కుప్ప అయితే లోపల వేడి పుట్టి చాలా వరకు మాడ్చేస్తది. మా డ్రమ్ములో చెయ్యి పెడితే మా దుకాణంలో ఇచ్చే చాయ్ అంత గోరువెచ్చగా ఉంటది. దాంతోని ఈగ కూడా చావదు. ఆ జీవి మట్టిలో నెలలకు నెలలు ఓపిగ్గా పడి ఉంటదట. అంత ఓపిక నేను ఎవరిలో చూడలేదు.

లోపలికి పోయేసరికి నా భార్య రోట్లో పుదీన చట్నీ నూరుతున్నది. పచ్చి పుదీన. పొద్దున్నే కుండీలోంచి తెంపింది. నేను చూసింది చట్నీని కాదు. ఆమె గోళ్ళను. గోళ్ళ కింద నల్లగ డ్రమ్ము మట్టి.

"నీకొక మాట చెప్తా, ముందుగాల ఆ రోకలి కింద పెట్టు" అన్న. నా తల మీద పడుతుందేమోనన్నట్టు నవ్విన. నవ్వు రాలేదు, పళ్ళు మాత్రం కనిపించినట్టున్నయి.

చెప్పిన. ఆమె విన్నది.

"నవ్వుకుంట చెప్తున్నవేంది?"

"నవ్వుతలేను. నా మొఖమే గట్ల."

ఆమె తన చేతుల దిక్కు చూసుకున్నది. లేచి, సబ్బు తీసుకొని, కుళాయి కింద కడగడం మొదలుపెట్టింది. చాలాసేపు కడిగింది. నీళ్ళు అయిపోయినంక కూడా చేతులు రుద్దుతనే ఉంది. నేను కుళాయి కట్టేసిన. అందులోంచి ఏమీ వస్తలేదు గానీ, ఏదో ఒకటి చెయ్యాలె గద.

డాక్టరమ్మ మా మాట విని భయపెట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. పచ్చి ఆకులు తిన్నారా? తిన్నది. ఒట్టి చేతులతో మట్టి కలిపారా? కలిపింది. పిల్లిని ముట్టుకున్నారా? లేదు. "పిల్లిని ముట్టుకుంటే అంత భయం లేదమ్మా, దాని మలంతోనే" అన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "అందరికీ రావాలని లేదు. వస్తే తల్లికి జలుబంత కూడా తెలియకపోవచ్చు. కడుపులో బిడ్డకు పోతే మాత్రం కళ్ళకు, మెదడుకు దెబ్బ. రక్తం చూద్దాం."

చూసింది. పాత ఇన్ఫెక్షన్ లేదు, కొత్తది లేదు. నేను కుర్చీలోంచి లేవబోయిన.

"కూర్చోండి. ఇప్పటిదాకా రాలేదని దీని అర్థం. అంటే ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి కూడా లేదు. మొన్నమొన్న అంటి ఉంటే రక్తంలో ఇంకా కనిపించదు. కొన్ని వారాలాగి మళ్ళీ చూద్దాం."

శుభవార్త ఏందంటే రాలేదు. రెండో వార్త ఏందంటే వచ్చి ఉండొచ్చు. మేము ఆటోలో ఇంటికి వచ్చినం.

ఖాలాకు చెప్పాలె. అది నాకు డాక్టరు దగ్గరికి పోవడం కంటే కష్టమనిపించింది. ఆమె బియ్యం ఏరుతున్నది. పిల్లి ఒళ్ళో ఉంది.

"బిల్లి పాక్ జాన్వర్ బేటా, శుద్ధమైంది. పెద్దలు చెప్పిన మాట" అన్నది, నేను సగం చెప్పంగానే.

"పాకే ఖాలా. దాన్ని నేనేం అంటలేను. దాని ఇసుక సంగతే." మేక సంగతి, ఎలుక సంగతి, వేడి పుట్టని డ్రమ్ము సంగతి చెప్పిన. గడ్డి తినే జంతువుది వెయ్యొచ్చు, మాంసం తినే జంతువుది వెయ్యొద్దు, పిల్లిదైనా కుక్కదైనా. ముఖ్యంగా మనం తినే ఆకులకు. చెప్పాల్సినదంతా సరిగ్గానే చెప్పిన. నెలల కింద చెప్పాల్సింది.

ఆమె చేతిలో బియ్యం ఆగిపోయింది.

"బచ్చాకు అంటిందా?"

"ఇంకా తెల్వదు."

"ఏమైతది బచ్చాకు?"

"కళ్ళకు గిట్ల రావొచ్చన్నరు. రాకపోవచ్చు కూడా."

ఆమె పిల్లిని కింద దింపింది. దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. నేను మెట్లు ఎక్కుతుంటే వెనుక నుంచి, నాకు కాదు, ఎవరికో చెప్పినట్టు, "సవాబ్ అనుకున్న" అన్నది.

ఆదివారం డ్రమ్ము ఖాళీ చేసిన. దుమ్ము లేవకుండా ముందు నీళ్ళు చల్లిన. రెయిన్ కోటు, మాస్కు, గ్లవ్స్, పైన హెల్మెట్. ఆ అవతారం చూసి గల్లీ కుక్క మొరగడానికి కూడా సాహసించలేదు. డ్రమ్ములోది, కుండీల్లోది మొత్తం కవర్ల మీద కవర్లు కట్టి చెత్త ఆటోకు ఇచ్చిన. లోపల ఏముందో అతనికి చెప్పి, విప్పొద్దని, ముట్టిన చేతులు కడుక్కొమ్మని చెప్పిన. అతను నన్ను హెల్మెట్ నుంచి కాళ్ళ దాకా చూసి, సరే అన్నడు.

నా భార్య కిటికీలోంచి చూస్తున్నది. కొత్తిమీర బకెట్ దగ్గరికి వచ్చేసరికి పిలిచింది.

"అదొక్కటి ఉండనీ. మొదటి బకెట్. తినను. ఊరికే ఉంటది."

ఎన్నో విషయాల్లో నేను ఆమెతో జోకుగా మాట్లాడి తప్పించుకున్న. ఆ రోజు "వద్దు" అన్న, అంతే. వేర్లతో సహా పీకిన. కొత్తిమీర వాసన మాస్కు దాటి వచ్చింది. ఆమె కిటికీ మూసుకున్నది.

ఆ వారాలు ఎట్ల గడిచినయో సరిగ్గా చెప్పలేను. ఆమె తుమ్మితే నేను లేచి నిలబడేది. ఆ జబ్బు గుర్తుగా మెడ దగ్గర గడ్డలేమన్న ఉన్నయేమోనని, ముద్దు చేస్తున్నట్టు నటించి తడిమేది. ఆమెకు తెలుసు. "ఉన్నయా?" అని అడిగేది. బజారు నుంచి తెచ్చిన ఆకుకూరను కడిగి కడిగి దాని వాసన, రంగు, ఆత్మగౌరవం అన్నీ పోగొట్టేది. దుకాణంలో కందిపప్పు ధర చెప్పమంటే పెసరపప్పుది చెప్పిన. ఆమె మళ్ళీ గోడ దిక్కు చూడడం మొదలుపెట్టింది. నాకు అన్నిటికన్నా అదే ఎక్కువ భయం.

కింద నుంచి గిన్నె రావడం ఆగిపోయింది. వండిన వాసన వచ్చేది, గిన్నె రాదు. మెట్ల కింద తట్ట కూడా కనిపించలేదు. పిల్లి ఇసుకను ఖాలా రోజూ కవర్లో ముడేసి చెత్త ఆటోకే ఇస్తున్నదని, పిల్లికి ఉడికించిన మాంసమే పెడుతున్నదని తర్వాత తెలిసింది. మా దిక్కు మాత్రం చూస్తలేదు. ఒకరోజు నా భార్యనే లేచి కిందికి పోయింది. నేను మెట్ల మీద ఆగి విన్న.

"ఖాలా, కూర పంపుతలేరేంది? అలిగిన్రా?"

"నా చేతిది ఇంక ఎట్ల తింటవ్ బేటీ?"

"ఉడికింది తినొచ్చన్నది డాక్టరమ్మ. పచ్చిదే వద్దన్నది. మీరు పచ్చి కూర పంపేదున్నదా?"

ఖాలా లేచిన చప్పుడైంది. తర్వాత గిన్నె చప్పుడు. తర్వాత ఇద్దరి ముక్కు చీదుళ్ళు. నేను పైకి పోయిన. ఏడుపులో మూడో మనిషికి పనేం ఉండదు.

రెండో పరీక్షలో కూడా ఏమీ లేదు. డాక్టరమ్మ ఈసారి పూర్తిగా నవ్వి, ఇక ఫికర్ చెయ్యొద్దన్నది. ఫికర్ చెయ్యొద్దని చెప్పడానికి ఆమె చదువు సరిపోయింది. చెయ్యకుండా ఉండడానికి నాది సరిపోలేదు. మిగిలిన నెలలన్నీ, బిడ్డ కదిలితే ఎందుకు కదిలింది, కదలకపోతే ఎందుకు కదల్లేదు అని గడిపిన. ఖాలా ప్రతి నమాజ్ తర్వాత కళ్ళు మూసుకొని ఎక్కువసేపు కూర్చుంటున్నదని పోతూ వస్తూ గమనించిన. ఏం అడుగుతున్నదో నాకు తెలుసు. నేనూ అదే అడుగుతున్న, వేరే అడ్రసుకు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. అందరు "ఎంత బరువు" అని అడుగుతున్నరు. నేను పిల్లల డాక్టరు చెయ్యి పట్టుకొని, కళ్ళు చూడమన్న. ఎట్లాగూ చూస్తమన్నడు. ఇప్పుడే చూడమన్న. ఆయన నా దిక్కు ఒకసారి చూసి, చిన్న లైటు తీసి, ముడుచుకున్న రెప్పలు వేలుతో మెల్లగ తెరిచి, ఒక కన్ను చూసిండు. ఆగిండు. ఇంకో కన్ను చూసిండు. ఆయన అట్ల ఆగినప్పుడు నాలోపల ఏమేం జరిగిందో చెప్పను. చదివేవాళ్ళు కూడా తమ పనులు చేసుకోవాలె గద.

"బాగున్నయి" అన్నడు. "వెలుగుకు కోపం వస్తుంది, చూడండి."

నిజమే. పాప ఫలక్‌నుమా స్టేషన్ దాకా వినపడేంత లొల్లి చేస్తున్నది.

బయట బెంచీ మీద ఖాలా కూర్చొని ఉంది. చేతిలో తస్బీ పూసలు కదులుతలేవు. ఆడపిల్లనా, మొగపిల్లగాడా అని ఆమె అడగలేదు. తల్లి ఎట్లున్నదని కూడా అడగలేదు.

"ఆంఖే?" అన్నది.

"కండ్లు మంచిగున్నయి ఖాలా. రెండూ."

ఆమె బెంచీ మీద కొంచెం జరిగి నాకు చోటు ఇచ్చింది. కూర్చున్న. లోపలికి పోదామనుకొని కూడా లేవలేదు. ఆమె కూడా లేవలేదు. లోపల నుంచి ఏడుపు వస్తనే ఉంది. ఇద్దరం దాన్ని వింటూ చాలాసేపు అట్లనే కూర్చున్నం.